చీర మీద లేని మచ్చ

పోచంపల్లిలో ఇప్పుడు చీరలు నేసేవాళ్లకంటే చీరలు చూపించేవాళ్లే ఎక్కువ. మగ్గం దిగిన చీర ముందుగా కొనేవాళ్ల చేతికి పోదు, వాళ్ల ఫోనులోకి పోతుంది. అక్కడ నచ్చితేనే డబ్బాలో పెట్టి పంపిస్తారు. ఆ మధ్యలో ఫోటో తీసిపెట్టే పని కమలాకర్‌ది. మగ్గం వాళ్ల ఇంట్లోనే ఉంది, తండ్రి సిద్దిరాములు ఇప్పటికీ దాని ముందు నుంచి లేవడు. కమలాకర్‌కు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడమంటే తగని చిరాకు. కెమెరా కొన్న రోజున తండ్రి నాలుగు మాటలు అన్నాడు. ఆ కెమెరా వల్లనే తాను నేసిన చీరలు అమ్ముడుపోతున్నాయని తెలిశాక అన్న మాటలు వెనక్కి తీసుకోలేదు గానీ కొత్తవి అనడం మానేశాడు.

ఇంటి ముందరి గదిలో సున్నం వేసిన తెల్లటి గోడ ఉంది. దాని ముందు ఒక కర్ర స్టాండు. చీర ఒక కొసను స్టాండుకు కడతాడు. రెండో కొస పట్టుకుని నిలబడేది కూతురు అఖిల. రెండో తరగతి. బడి నుంచి వచ్చి, తల్లి ఇచ్చిన చాయ్‌లో బిస్కెట్ ముంచుకుని తిని, చేతులు కడుక్కుని వచ్చి కొంగు పట్టుకుంటుంది. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. కాలు మార్చడం, ముక్కు గోక్కోవడం, నోట్లో ఏదో పాట కూనిరాగం తీస్తూ ఉండడం. "జర కదలకు బిడ్డా" అనేది ఆ ఇంట్లో రోజూ వినిపించే మాట. తర్వాత కమలాకర్ ఫోటోలో చీర మటుకు ఉంచి పిల్లను కత్తిరించేసేవాడు. ఒక్కోసారి అంచు దగ్గర చిన్న వేళ్లు మిగిలిపోయేవి. కొనేవాళ్లు వాటిని చూసి ముచ్చటపడేవాళ్లు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో విజేందర్ ఫోన్ చేశాడు. ఊళ్లో నేసినవన్నీ ఆన్‌లైన్‌లో అమ్మేది అతనే. బెంగళూరు నుంచి ఒకామె చీర మీద మరక ఉందని, తనకు వద్దని అంటోందట. చీర ఇంకా ఊరు దాటలేదు, విజేందర్ బీరువాలోనే ఉంది. దాన్ని విప్పి, కిటికీ దగ్గర రెండు వైపులా తిప్పి చూశాడట. మరక లేదు. ఫోటోలో మటుకు ఉంది.

కమలాకర్ ఫోటో తెరిచి చూశాడు. నిజమే. కొంగుకు కాస్త పక్కన, లేత బూడిద రంగులో చిన్న మచ్చ. అతనికి నవ్వొచ్చింది. ఫోటోలు తీసేవాడికి మచ్చ అంటే జలుబు లాంటిది, వస్తుంది, పోతుంది. రబ్బరు బుడ్డితో కెమెరా లోపలికి గాలి కొట్టి, లెన్సును మెత్తటి గుడ్డతో తుడిచి, ఆ చీరనే విజేందర్ దగ్గర నుంచి తెప్పించి, ఎప్పట్లాగే అఖిల చేత కొంగు పట్టించి మళ్లీ ఫోటో తీశాడు. అందులోనూ మచ్చ ఉంది. కానీ వేరే చోట ఉంది.

అక్కడ నవ్వు ఆగింది. కెమెరా లోపల వెలుగును పట్టే పలుచటి అద్దం మీద దుమ్ము కూర్చుంటే, ఆ మచ్చ ప్రతి ఫోటోలో ఒకే చోట పడుతుంది. అది చోటు మార్చుకోదు. లెన్సు మీద ఉంటే లెన్సు మార్చగానే పోతుంది. లెన్సు మార్చాడు. మచ్చ ఉంది. గాలిలో తేలే దుమ్ము ఫ్లాష్ వెలుగుకు మెరిసి అట్లా పడుతుందేమోనని ఫ్లాష్ తీసేశాడు. ఉంది. కార్డు మార్చాడు. ఉంది. చివరికి హైదరాబాద్ బస్సెక్కి, కోఠీలో కెమెరాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి పోయాడు. ఆయన ముక్క ముక్క విప్పి చూశాడు. ఏ తప్పూ లేదని చెప్పి, తన దుకాణం గోడకే ఫోటో తీసి చూపించాడు. ఒక్క చుక్క లేదు. కెమెరా కాదు, కళ్లు చూపించుకోమని సలహా కూడా ఇచ్చి పంపాడు.

ఇంటికొచ్చి కమలాకర్ తన గోడకూ ఒక ఫోటో తీశాడు. శుభ్రం. చీరను రెండు వైపులా కర్రలకు కట్టి తీశాడు. శుభ్రం. ఆ కోఠీ ఆయన చెయ్యి మంచిది, మాట మంచిది కాకపోతే ఏంలే అనుకున్నాడు. అంతలో అఖిల బడి నుంచి వచ్చింది. బిస్కెట్ తిని, చేతులు కడుక్కుని, కొంగు పట్టుకుని నిలబడింది. ఆ ఫోటోలో మచ్చ ఉంది.

పక్కింటి పిల్లను పిలిచి నిలబెట్టాడు. మచ్చ లేదు. భార్య వసంతలక్ష్మిని నిలబెట్టాడు. లేదు. అఖిలను చీర లేకుండా నిలబెట్టాడు. ఉంది. వాకిట్లోకి తీసుకుపోయాడు. ఉంది. వసంతలక్ష్మి చేతికి ఆమె ఫోనే ఇచ్చి తీయమన్నాడు. అందులోనూ ఉంది. ఫోటోలో తప్పు పట్టేవాడి పద్ధతి ఒక్కటే. అనుమానం ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ పోవాలి, ఆఖరుకు ఏది మిగిలితే అదే కారణం. లెన్సు కాదు, కెమెరా కాదు, గోడ కాదు, చీర కాదు, తీసే మనిషి కాదు. మిగిలింది తన బిడ్డ. 

వసంతలక్ష్మి మొదట నమ్మలేదు. పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే మచ్చలు కాకపోతే మల్లెపూలు కనిపిస్తాయా అంది. తర్వాత తన ఫోను తెరిచి పాత ఫోటోలు చూసుకుంది. బతుకమ్మ నాడు కొత్త లంగా కట్టుకున్న అఖిల, పక్కన తంగేడు పూల మీద మచ్చ. యాదగిరిగుట్ట మెట్ల మీద అఖిల, పక్కన మచ్చ.  మర్నాడే పిల్లను దవాఖానకు తీసుకుపోయి రక్తం పరీక్ష చేయించింది. పిల్లకు ఏమీ లేదు, కాస్త ఆకుకూరలు పెట్టమన్నారు. ఇంటికొచ్చి ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. తీసి, పొయ్యి దగ్గరే కూలబడింది.

"బిడ్డకేమన్న అయితదా?" అని అడిగింది.

కమలాకర్ ఏం కాదన్నాడు. ఏం కాదని అతనికి తెలియదు. ఏమవుతుందో కూడా తెలియదు. తెలియకపోవడమే అతన్ని తినేస్తోంది.

పిల్ల నిద్రపోయాక పాత హార్డ్ డిస్క్ తీసి, తొట్టెల వేడుక నాటి ఫోటోల నుంచి చూసుకుంటూ వచ్చాడు. అఖిల ఉన్న ప్రతి ఫోటోలో ఉంది. అప్పుడు కళ్ల ముందే ఉన్నా పట్టించుకోలేదు. ఒకచోట పిట్ట అనుకున్నాడు, ఒకచోట దోమ అనుకున్నాడు, ఒకచోట గోడకు పెచ్చు ఊడింది అనుకున్నాడు. పెళ్లిళ్ల ఫోటోల్లో గుంపు మధ్యలో చంకన ఉన్న పసిపిల్ల పక్కన కూడా ఉంది. ఒక్కో ఫోటోలో ఒక్కటే మచ్చ. ఏ రెండు ఫోటోల్లోనూ ఒకే తీరుగా లేదు.

అఖిలను అడిగి చూశాడు, ఫోటో తీసేటప్పుడు నీకేమన్నా అనిపిస్తుందా అని. ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించింది. భయమేమీ లేదు ఆమె మొహంలో.

"గా కొస గుంజుతాంది డాడీ. మెల్లగ."

"గా కొస కర్రకు కట్టేసి ఉంటది గద బిడ్డా."

"అవు. అయినా గుంజుతాంది."

ఆ రోజుతో అఖిల ఫోటోలు బంద్ చేశాడు. స్టాండు తీసి అటక మీద పడేశాడు. తాను తీయకపోతే చాలనుకున్నాడు పాపం. ఈ కాలంలో పిల్లను ఎండకు దాచొచ్చు, వానకు దాచొచ్చు, ఫోటోకు దాచడం ఎవరి వల్ల అవుతుంది? బడిలో మొక్కలు నాటించి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఎదురింటి అమ్మాయి సెల్ఫీలో వెనక అఖిల నిలబడి ఉంది. మేనత్త కూతురి పెళ్లిచూపుల్లో ఎవరో తీశారు. కమలాకర్ అందరి ఫోన్ల వెంటా పడి ఆ ఫోటోలు పంపించుకున్నాడు. ప్రతిదాంట్లో మచ్చ ఉంది. తాను మానేసినా పని ఆగలేదు. ఎవరి చేతులతోనో జరిగిపోతూనే ఉంది.

తండ్రికి చెప్పకూడదనుకున్నాడు. కానీ ఇంట్లో ఎవరి ముఖాలు ఎట్లా ఉన్నాయో ముసలాయనకు తెలుస్తూనే ఉంది. ఒకరోజు వానకు బడి మధ్యాహ్నమే వదిలేశారు. వసంతలక్ష్మి తన అక్కకు బాగాలేదని చౌటుప్పల్ పోయింది. అఖిల ముందరి గదిలో దారం ముక్కలు పరుచుకుని ఆడుకుంటోంది. సిద్దిరాములు మగ్గం గుంటలో నుంచి లేచి వచ్చి, ఆ మచ్చ సంగతేందో తనకూ చూపించమన్నాడు.

కమలాకర్ ఒక ఫోటో తెరిచి, ముసలాయన చూపుకు అందేలా మచ్చను పెద్దది చేస్తూ పోయాడు. అతను అంత పెద్దది చేసి చూడటం అదే మొదటిసారి. మచ్చ గుండ్రంగా లేదు. అడ్డంగా సాగిన గీత అది. మధ్యలో తెగి, మళ్లీ కొంచెం సాగింది. రెండు కొసల్లోనూ రంగు నూలులోకి ఇంకినట్టు చెదిరి ఉంది. ఇంకో ఫోటో తెరిచాడు. ఇంకో గీత, దీని పొడవు వేరు. సిద్దిరాములు కళ్లద్దాలు తీసి, పంచెతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"గిది మచ్చ గాదురా," అన్నాడు నెమ్మదిగా. "చిటికి."

పోచంపల్లి చీర మీది బొమ్మ మగ్గం మీద పుట్టదు. నేయకముందే దారం మీద పుడుతుంది. దారానికి అక్కడక్కడ రబ్బరు చుట్టి బిగించి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగెక్కదు. దాన్నే చిటికి కట్టడం అంటారు. విప్పి చూస్తే ఆ పోగు మీద తెగిన గీతలు తప్ప ఏమీ కనిపించవు. వరుస తప్పకుండా నేసుకుంటూ పోతే గీత మీద గీత కూర్చుని, అప్పుడు చిలకో ఏనుగో పైకి లేస్తుంది. సిద్దిరాములు బతుకంతా చేసిన పని అదే.

"ఎవలో కట్టిన్రు," అన్నాడు ముసలాయన. "ఒక్క పోగు జూస్తే ఏం తెల్వది. వరుసగ నేస్తెనే బొమ్మ లేస్తది."

ఇంకెవరైనా అయితే ఆ ఫోటోలన్నీ అక్కడే చెరిపేసి, కొబ్బరికాయ పట్టుకుని గుడికి పరుగెత్తేవాళ్లు. వీళ్లు నేసేవాళ్లు. చిటికి కట్టిన దారం చేతికొస్తే దాన్ని నేసి చూడాలనే తప్ప, నేయకుండా వదిలేయాలనే ఆలోచన ఆ తండ్రికీ రాలేదు, మగ్గమంటే చిరాకుపడే ఆ కొడుక్కీ రాలేదు. నేస్తే తెలుస్తుంది అనుకున్నారు. తెలిస్తే బిడ్డను కాపాడుకోవచ్చు అనుకున్నారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి కూడా మనసొప్పదు.

కమలాకర్ తొట్టెల ఫోటోతో మొదలుపెట్టి, తేదీల వరుసలో ఒక్కొక్కటీ ప్రింటు తీశాడు. మచ్చ ఉన్న చోట సన్నటి పట్టీలుగా కత్తిరించాడు. ముసలాయన మగ్గం గదిలో నేల మీద గోనెసంచి పరిచి, దాని మీద పట్టీలు పేర్చాడు. మొదటిది తన మోకాళ్ల దగ్గర పెట్టాడు, దానికి ఆనించి రెండోది, దానికి ఆనించి మూడోది. బయట వాన ఒక్క తీరున కురుస్తోంది. ముందరి గదిలో అఖిల కూనిరాగం తీస్తున్న పాట వినిపిస్తోంది. ప్రింటరు చప్పుడు, కత్తెర చప్పుడు, ఆ పాట. చాలాసేపు అంతే.

ముందు రెండు చిన్న ముద్దలు లేచాయి. పాదాలు. వాటి మీద గంటలా విచ్చుకున్న లంగా అంచు. కమలాకర్ కత్తిరించడం ఆపి చూశాడు. తండ్రి చేయి చాపి ఇంకో పట్టీ అడిగాడు. నడుము వచ్చింది. పక్కన విడిగా ఒక చేయి, ఆ చేతిలో దేనిదో కొస పట్టుకున్నట్టు బిగించిన పిడికిలి. రెండు జడలు. ఒకటి వెనక్కి, ఒకటి భుజం మీదుగా ముందుకు.

ముందుకు పడిన జడకు రిబ్బన్ పువ్వు ఉంది. వెనక జడకు లేదు.

కమలాకర్ మెల్లగా లేచి తలుపు దగ్గరికి పోయి ముందరి గదిలోకి చూశాడు. అఖిల నేల మీద కూర్చుని ఉంది. పొద్దున తల్లి వేసిన రెండు జడల్లో ఒకటి భుజం మీదుగా ముందుకు పడి ఉంది. రెండోది వెనక. దాని రిబ్బన్ బడిలో ఎక్కడో పడిపోయిందని వచ్చీ రాగానే చెప్పింది. ఇందాకే కదా చెప్పింది... ఆ జడ ఉన్న పట్టీలు పిల్లకు మూడేళ్లప్పటి ఫోటోలవి.

కమలాకర్ వెనక్కి వచ్చి తండ్రి చెవి దగ్గర చెప్పాడు. ముసలాయన తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు. మెడ వచ్చింది. గడ్డం వచ్చింది. చెవుల పోగులు వచ్చాయి. నుదురు దాకా వచ్చి పట్టీలు అయిపోయాయి. బొమ్మ తల పైన చదునుగా కోసేసినట్టు ఆగింది.

"ఒక్క పోగే," గుసగుసగా అన్నాడు సిద్దిరాములు. "ఒక్క పోగు పడితే అయిపోతది."

ఆ మాట అంటున్నప్పుడు తండ్రి మొహంలో భయం లేదు. చీర కొస దగ్గరికొచ్చినప్పుడు ఉండే ఆత్రం ఉంది. అది చూసి కమలాకర్ భయపడాల్సింది. కానీ అతని లోపల కూడా అదే ఉంది. ఇన్ని రోజులుగా నిద్ర లేకుండా చేసినదేదో ఎదురుగా నేల మీద ఉంది, ఒక్క వరుస తక్కువ. అది మొత్తంగా ఏమిటో చూస్తే చాలు, తర్వాత ఏం చేయాలో అదే తెలుస్తుంది. అతను కెమెరా తీసుకుని ముందరి గదిలోకి పోయాడు.

అఖిల తలెత్తింది. "మల్ల ఎందుకు డాడీ? వద్దన్నవ్ గద."

"గిదొక్కటే బిడ్డా. ఆఖరుది."

సరేనని లేచి గోడకు నిలబడింది. కాలు మార్చింది. ముక్కు గోక్కుంది. అతను నొక్కాడు. ఆమె మళ్లీ కూర్చుని, ఆపిన చోట నుంచి పాట అందుకుంది.

ప్రింటరు నుంచి కాగితం పూర్తిగా బయటికి వచ్చింది. కరెంటు పోయింది. మబ్బుకు గదిలో ముందే చీకటి, ఇప్పుడు తండ్రి మొహం కూడా కనిపించడం లేదు. కమలాకర్ ఫోను లైటు వేసి నోట్లో కరిచిపట్టుకుని పట్టీ కత్తిరించాడు. అప్పుడు వాసన తగిలింది. ముంచి తీసిన రంగు దారం వాసన. తడిగా, ఘాటుగా. ఆ ఇంట్లో రంగు వేసి నెల దాటింది...

ముసలాయన చెయ్యి ముందుకొచ్చింది. పట్టీ అందుకుంది. వేళ్లతో తడుముకుంటూ దాన్ని నుదుటి పైన పెట్టింది. అంచుకు అంచు కలిపింది.

పక్కన మగ్గం ఒక్కసారి కొట్టుకుంది. పోగు వేశాక గట్టిగా లాగి కొట్టే దెబ్బ. గుంటలో ఎవరూ లేరు.

పాట ఆగింది.

"అఖిలా," అన్నాడు కమలాకర్.

 వాన చప్పుడు కూడా లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు.

"అఖిలా..."

తలుపు దగ్గర చిన్న అడుగులు. ఫోను లైటు అటు తిప్పాడు. పిల్ల వెలుగుకు కళ్లు చికిలించి నిలబడి ఉంది.

"ఏం జేస్తున్నరు డాడీ?"

అతను పరుగెత్తి ఆమెను ఎత్తుకున్నాడు. ఒళ్లు వెచ్చగా ఉంది. జుట్టుకు కొబ్బరినూనె వాసన ఉంది. అతనికి ఏడుపొచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాడు. ఆమె మెడ చుట్టూ చేతులు వేసి ఊరుకుంది. వెనక తండ్రి ఏదో అంటున్నాడు. లైటు నేల మీదికి తిప్పి చూస్తే, గోనెసంచి మీద పట్టీలన్నీ ఉన్నాయి. పాత గోడలు, పాత చీరలు, పాత పెళ్లిళ్లు. ఒక్కదాని మీద కూడా మచ్చ లేదు.

మచ్చ పోయింది. తర్వాత తీసిన ఫోటోలు కూడా శుభ్రంగా ఉన్నాయి. వసంతలక్ష్మి సంబరానికి అంతులేదు, ఎల్లమ్మకు మొక్కు చెల్లించి వచ్చింది. అటక మీది స్టాండు కిందికి దిగింది. విజేందర్ ఫోన్ చేసి, ఇప్పుడు ఫోటోలు అద్దంలా ఉన్నాయన్నాడు. అఖిల కూడా బుద్ధిమంతురాలైంది. కొంగు ఇస్తే పట్టుకుని, దించమనే దాకా కదలకుండా నిలబడుతోంది. కాలు మార్చదు. ముక్కు గోక్కోదు. చూసినవాళ్లందరూ మెచ్చుకుంటున్నారు. ఇంట్లో పాట వినిపించడం లేదని కమలాకర్‌కు అనిపించింది గానీ, పిల్ల పెద్దదవుతోంది కదా అని సరిపెట్టుకున్నాడు.

మరికొన్నాళ్లకు ఒక ఉదయం, పిల్ల బడికి పోయాక, వెలుగు సరిపోతుందో లేదో చూద్దామని ఖాళీ గోడకు ఫోటో తీశాడు. గోడ మీద కింది భాగంలో చిన్న మచ్చ ఉంది.

లెన్సు మార్చాడు. కార్డు మార్చాడు. ఫోనుతో తీశాడు. మళ్లీ అన్నీ మొదటి నుంచి చేశాడు, చేతులు వాటంతట అవే చేశాయి. సాయంత్రం అఖిలను ఆ గోడ ముందు నిలబెట్టి తీస్తే మచ్చ లేదు. ఆమెను లోపలికి పంపి తీస్తే ఉంది. పెద్దది చేసి చూశాడు. ఈసారి గీత కాదు. ఏమీ కాదు, బూడిద రంగు చుక్క. బొమ్మ కట్టడానికి అందులో ఏమీ లేదు. అప్పుడు కెమెరాను ఆగకుండా తీసేటట్టు పెట్టి, మీట నొక్కి పట్టుకున్నాడు. వరుసగా పడిన ఫోటోలను ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూశాడు. చుక్క కొంచెం ఎడమకు ఒరిగింది. కుడికి ఒరిగింది. మళ్లీ ఎడమకు. నిలబడలేక కాలు మార్చుకుంటున్నట్టు.

కమలాకర్ కెమెరా కింద పెట్టి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు, లోపలికి వినపడకూడదని. తానే నిలబెట్టాడు. ఆఖరుదని చెప్పి మరీ నిలబెట్టాడు.

తండ్రికి ఒక్కడికే చెప్పాడు. ఆ పట్టీలతో నేసినదాన్ని ఎట్లాగైనా మళ్లీ ఊడదీయొచ్చా అని అడిగాడు. సిద్దిరాములు చాలాసేపు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. "నేసినదాన్ని ఇప్పితే దారం మిగుల్తదిరా, పోయిన బిడ్డ రాదు," అన్నాడు. ఆ రోజు నుంచి మగ్గం ముట్టలేదు. వసంతలక్ష్మికి ఏమని చెప్పాలి? ఆమె ఆ పిల్లకు రోజూ జడలు వేస్తోంది, అన్నం కలిపి పెడుతోంది, పక్కలో పడుకోబెట్టుకుంటోంది. ఆ పిల్ల ఏ తప్పూ చేయలేదు. పిలిస్తే పలుకుతుంది. పెడితే తింటుంది. కమలాకర్ ఆమె తల నిమరబోయి ప్రతిసారీ చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాడు, తీసుకున్నందుకు తనను తానే తిట్టుకుంటున్నాడు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు గోడ ముందు కూర్చుంటాడు. కెమెరాలో చూస్తూ మాట్లాడుతాడు.

"జర కదులు బిడ్డా," అంటాడు. "ఉన్నవా? జర కదులు."

ఒకసారి అట్లా అంటుంటే వెనక తలుపులో నుంచి, "పిలిచినవా డాడీ?" అని వినిపించింది. బడి అప్పుడే వదిలారేమో, సంచి భుజానే ఉంది. పిలవలేదు పొమ్మన్నాడు. ఆ పిల్ల గోడ వైపు ఒకసారి చూసి, లోపలికి పోయింది.

నిన్న మధ్యాహ్నం తీసిన ఫోటోలో మచ్చలు రెండున్నాయి.

చిన్నది ఎప్పుడూ ఉండే చోటే ఉంది. దాని పక్కన, పెద్దవాళ్ల గుండె ఎత్తున, ఇంకొకటి ఉంది. మళ్లీ తీశాడు. చిన్నది పెద్దదానికి ఆనుకుని ఉంది.

ఇంట్లో ఈసారి గోడలోకి పోయింది ఎవరు? కమలాకర్ గోడ పట్టుకుని లేచాడు. లోపల మగ్గం చప్పుడు వినిపిస్తోంది. ఇన్నాళ్ల తర్వాత తండ్రి గుంటలో కూర్చున్నట్టున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు. అన్నానికి రమ్మని వసంతలక్ష్మి పిలిచింది, గొంతు ఆమెదే. మగ్గం ఆగింది, తండ్రి దగ్గుతూ వచ్చి పీట మీద కూర్చున్నాడు, దగ్గు తండ్రిదే. సెలవు రోజు కాబట్టి పిల్ల కూడా ఉంది. కమలాకర్ గడప దగ్గరే నిలబడి ఒక్కొక్కరి మొహం చూశాడు. ఏ మొహంలోనూ తేడా లేదు. ఎంత వెతికినా లేదు.

"గట్ల జూస్తున్నవేంది?" అంది వసంతలక్ష్మి కంచంలో అన్నం పెడుతూ. "కూసో, తిను."

అతను కూర్చున్నాడు. అన్నం కలిపాడు. తలెత్తి చూస్తే ముగ్గురూ చేతులు ఒళ్లో పెట్టుకుని, అతను మొదటి ముద్ద తినేదాకా కదలకుండా కూర్చుని ఉన్నారు.